వదులు

బల్ల మీద ఉన్నవి రెండే సామాన్లు. ఎడమ పక్కది కొమ్ముల క్లీటు, జానెడు పొడుగు, రెండు చివర్లా రెండు కొమ్ములు. తెరచాపను పైకెత్తే తాడుని దానికి ఎనిమిది అంకె తీరులో చుడితే తాడు నిలబడుతుంది, చుట్టు విప్పితే జారుతుంది, అంతకు మించి అందులో మాయా లేదు, మర్మమూ లేదు. కుడి పక్కది క్లచ్చు, సబ్బుపెట్టె అంత ఉంటుంది, తాడు దాని కడుపులోంచి దూరి అవతలికి వస్తుంది, పైనున్న పిడి నొక్కితే లోపలి పళ్ళు తాడుని పట్టేస్తాయి, పిడి ఎత్తితే వది... ఆమె మనసు అక్కడ టక్కున ఆగి, ఆ మాటకి అడుగు దూరంగా చుట్టు తిరిగి వెళ్ళింది. పిడి ఎత్తితే తాడు జారిపోతుంది. అలా అనుకుంటే చాలదా, మాటలకేం కరువా. పడవ సామాన్ల దుకాణం పెద్దాయన కళ్ళజోడు మీదుగా చూసి, "ఇంకాసేపట్లో భోజనానికి మూసేస్తానమ్మా, ఆ రెండూ మీతో మాట్లాడవు, మీరే తేల్చుకోవాలి" అన్నాడు. ఆమె నవ్వినట్టు మొహం పెట్టింది, నవ్వు రాలేదు. అరచేతుల్లో చెమట పోస్తోంది, తాడు తడిసింది. కొనేవాళ్ళు పరీక్షించుకోడానికని ఆయన ఒక ఏర్పాటు చేసి ఉంచాడు, పైన దూలానికి కప్పీ, కప్పీ మీదుగా తాడు, తాడుకి అవతలి చివర ఇసక బస్తా, ఇవతల బల్లకి బిగించిన నమూనా క్లీటు. వచ్చినప్పటినుంచి ఆమెకి ఇదే పని, బస్తాని లాగి పైకెత్తడం, తాడు క్లీటుకి చుట్టడం, విప్పి దించడం, మళ్ళీ ఎత్తడం. చుట్టిన ప్రతిసారీ చివర్లో వేళ్ళు వాటంతటవే ఒక మెలిక తిప్పి ముడి బిగిస్తున్నాయి. ఆ ముడి వద్దని తెలుసు, బరువు పడితే అది కొరుక్కుపోయి గోళ్ళకి కూడా లొంగదని పడవ బాగుచేస్తున్న మేస్త్రి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు, అయినా వేళ్ళు వినడం లేదు.

అక్క పొద్దున ఏమంది? ఎడం చేత్తో గ్లాసు పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వే చూసి తీసుకురావే, నీ చేతికి ఏది సరిపడితే అది" అంది. నీ చేతికి అంటే ఏమిటి అర్థం? కొమ్ముల క్లీటు అయితే తెరచాప స్తంభం మొదట్లో బిగిస్తారు, అంటే తాడు దగ్గర ఒక మనిషి నిలబడాలి, చుక్కాని దగ్గర ఇంకో మనిషి కూచోవాలి, పడవకి ఇద్దరు కావాలి. క్లచ్చు అయితే తాడుని కప్పీల మీదుగా వెనక్కి తెచ్చి చుక్కాని పక్కనే బిగిస్తారు, కూచున్న చోటునుంచి కదలకుండా ఒక్క మనిషే అన్నీ చేసుకోవచ్చు. ఇద్దరా, ఒక్కరా. అక్క అడిగింది సామాను గురించి కాదు, నువ్వు మళ్ళీ పడవ ఎక్కుతావా ఎక్కవా అని, అడగకుండా అడిగింది. ఎక్కుతానంటే ఈ చెయ్యి మళ్ళీ ఆ తాడు మీద పడాలి, అక్క కుడి భుజాన్ని ఎందుకూ పనికిరాకుండా చేసిన ఈ చెయ్యే. ఎక్కనంటే అక్క ఒక్కతే వెళ్తుంది. వెళ్తుంది, అందులో అనుమానం లేదు, మొండిఘటం. గాలి ఎదురు తిరిగితే ఆ ఒంటి చేత్తో చుక్కాని పట్టుకుంటుందా, తాడు పట్టుకుంటుందా, నీళ్ళలో పడితే ఈదడానికైనా రెండు చేతులుండాలి కదా. పోనీ పడవే అమ్మేద్దామంటే? బావ అదే అంటాడు, "ఆ గంగాళాన్ని ఎవరికైనా అంటగట్టండి, పీడా పోతుంది" అని. అంటాడుగానీ అక్క మొహం చూశాక రెండోసారి అనడు. అక్క సిటీ బస్సు నడిపేది. కూరగాయల బళ్ళ మధ్యనుంచి, గోడకి వేలెడు సందు ఉంచి అంత బస్సునీ మలుపు తిప్పేది. ఇప్పుడు డిపోలో బల్ల ముందు కూచుని ఎవరు ఏ బస్సు ఎక్కాలో చెప్తోంది. బస్సు పోయింది, మిగిలింది చుక్కాని ఒక్కటే, అదీ లాక్కుంటే మనిషి ఏమైపోవాలి. పడవ కొన్న కొత్తల్లో అక్క అనేది, బస్సులో ఎక్కినవాళ్ళందరూ నాకు చెప్పేవాళ్ళేనే, ఇక్కడైతే నేను చెప్తాను, నువ్వు వింటావు, అని. ఎంత బాగా విన్నాను, అనుకుంది.

ఆ రోజు గాలి బాగుంది, బాగుందనే బయల్దేరారు. అక్క చుక్కాని దగ్గర, తను స్తంభం దగ్గర. వెనకనుంచి మబ్బు తోసుకొస్తోందని తర్వాత రేవులో అందరూ అన్నారు, తను చూడలేదు, తను ఎండకి మెరుస్తున్న నీళ్ళు చూస్తోంది, ఇంత హాయిగా ఉన్న పూట ఇంటికి పోయి గిన్నెలు తోమాలా అనుకుంటోంది. అక్క అరిచింది. ఒకే మాట. వదులు. సరే, అనుకుంది ఆమె, వచ్చేసిందిగా మాట, గుండె గుభేలుమంది, అంతకన్నా ఏం కాలేదు. వదులు అంటే వదిలెయ్యమని. వదులు అంటే బిగువు లేదని కూడా. తాడు వదిలెయ్యి, తెరచాప దించు అనా? తాడు వదులుగా ఉంది, బిగించు అనా? ఆమె ఆలోచించలేదు. పైకి చూస్తే తెరచాప అంచు సాగి ముడతలు పడి కనిపించింది, తాడు వదులైందన్నమాట అనుకుంది, ఒంటి బరువంతా వేసి లాగింది, చుట్టింది, ఇంకో చుట్టు చుట్టింది, మెలి తిప్పి ముడి వేసింది. తృప్తిగా వేసింది. అప్పుడొచ్చింది గాలి. ముడి విప్పబోతే రాలేదు, గోళ్ళు విరిగాయి, పళ్ళతో లాగింది, పడవ ఒక పక్కకి ఒరుగుతూనే ఉంది, తెరచాప కింది అడ్డకొయ్య గిర్రున తిరిగి అక్క భుజం మీద పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, గుడ్డల మూట నేల మీద పడేసినట్టు అయింది. కుట్టుమిషను ఆపినప్పుడల్లా ఆ చప్పుడు వినిపిస్తుంది. ఆస్పత్రిలో డాక్టరు ఏం జరిగిందని అడిగితే తనే చెప్పింది, "అక్క వదలమంది, నేను బిగించాను" అని. అక్క మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. బావ ఏమీ అనలేదు, నర్సు ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక చూడవచ్చినవాళ్ళు కూడా అయ్యో పాపం అన్నారుగానీ వేలెత్తి చూపలేదు. అదే కదా నరకం, ఒక్కరైనా నాలుగు తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది.

అసలు ఆ మాట ఆమెకి అన్నం పెట్టే మాట. బట్టలు సరిచేసే దుకాణంలో పని, రోజూ ఎవరో ఒకరు అద్దం ముందు నిలబడి, నడుం దగ్గర గుడ్డ రెండు వేళ్ళతో పట్టుకుని "ఇక్కడ వదులండీ" అంటారు. వదులుగా ఉంది, లోపలికి కుట్టమనా? బిగుతుగా ఉంది, వదులు చెయ్యమనా? పని నేర్చుకునే రోజుల్లో ఒక లావుపాటి లాయరుగారి కోటు అడక్కుండా లోపలికి కుట్టేసింది, ఆయన గుండీలు పెట్టుకుని ఊపిరాడక వంకాయ రంగులోకి వచ్చేశాడు, నవ్వితే గుండీ ఊడుతుందని నవ్వలేక, తిడితే కుట్టు పిగులుతుందని తిట్టలేక నిలబడిపోయాడు. యజమానురాలు ఆ రోజు ఆమె చెవి మెలేసి నేర్పింది, "ఉందా, చెయ్యాలా? అడుగు. అడిగాకే కత్తెర పట్టుకో." అప్పటినుంచి అడక్కుండా ఒక్క కుట్టు విప్పలేదు. వదులుగా ఉందా అండీ, వదులు చెయ్యాలా అండీ, నిద్రలో లేపినా అదే అడుగుతుంది. అంగుళం గుడ్డకి అంత జాగ్రత్త పడే మనిషి నడినీళ్ళలో నోరు తెరిచి అడగలేకపోయిందా. ఉందా, చెయ్యాలా. ఆ రెండు ముక్కలు అడిగి ఉంటే అక్క ఈపాటికి బస్సు తిప్పుతూ, అడ్డమొచ్చిన స్కూటరు వాణ్ణి తిడుతూ ఉండేది.

ఫోను మోగింది. బస్తా గాల్లోనే ఉంది, తాడు ఒక చేత్తో అదిమి పట్టి, ఇంకో చేత్తో ఫోను తీసి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. పడవ మేస్త్రి. "అమ్మా, డ్రిల్లు పట్టుకుని నిలబడ్డాను. బెజ్జాలు స్తంభానికి పెట్టమంటారా, వెనక చుక్కాని దగ్గరా?"

"కాసేపు ఆగండి."

"ఆగుతాను, నాకేం. కొత్త స్తంభానికి ఒకసారి బెజ్జం పడిందంటే మళ్ళీ పూడ్చేది లేదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ అక్కగారు ఇక్కడే ఉన్నారు, ఆవిణ్ణడిగితే మిమ్మల్ని అడగమంటున్నారు." వెనకాలనుంచి అక్క గొంతు వినిపించింది, "తొందరపెట్టకండి దాన్ని" అని. ఫోను ఆగిపోయింది.

తొందరపెట్టకండి దాన్ని. చిన్నప్పుడు బడికి వేళ మించిపోతోందని అమ్మ వంటింట్లోంచి కేకలేస్తుంటే అక్క ఇదే మాట అనేది, తను గుమ్మంలో కూచుని బూటు లేసుకి ముడి మీద ముడి వేస్తుండేది, ఒకటే వేస్తే ఊడిపోతుందని భయం, రెండు వేస్తే రెండూ ఊడిపోతాయని భయం. పేరు పెట్టింది కూడా అక్కే, ముడి అని. "ఒసే ముడీ, సాయంత్రం నీ కాళ్ళు కోసి బూట్లు తియ్యాలే." జడకి రిబ్బను కూడా అంతే, అక్క జడ వేసి కట్టాక తను దొంగచాటుగా ఇంకో ముడి వేసుకునేది, పడుకునే ముందు విప్పలేక అక్క పళ్ళతో లాగేది, లాగుతూ తిట్టేది. ఇప్పుడు జడ వేసేది తను. అక్క కుడి చెయ్యి భుజం దాటి లేవదు, అందుకని ఆదివారం పొద్దున తలంటి, పెరటి మెట్ల మీద కూచోబెట్టి, చిక్కు తీసి దువ్వుతుంది. అక్క చెవి వెనక పుట్టుమచ్చ ఉందని ఇన్నేళ్ళూ తెలీదు. దువ్వినంతసేపూ ఇద్దరూ డిపోలో వాళ్ళమీదా వీధిలో వాళ్ళమీదా చాడీలు చెప్పుకుంటారు, నవ్వుకుంటారు కూడా, పడవ మాట మాత్రం రానివ్వరు. జడ చివర ముడి ఒక్కటే వేస్తుంది, అంత మాత్రం బుద్ధి వచ్చింది. పోయిన ఆదివారం అక్క, "కాస్త లూజుగా అల్లవే, తల లాగేస్తోంది" అంది.

లూజుగా. తాడు చుడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇదివరకు అక్క లూజు అనేదా? ఆస్పత్రిలో కట్టు బిగుతుగా ఉంటే నర్సుతో ఏమంది, లూజు చెయ్యండి అంది. బావ ప్యాంటు జారిపోతుంటే లూజైంది అంది. కుళాయి నట్టు లూజు, కుర్చీ కాలు లూజు, డిపోలో ఎవరిదో నోరు లూజు. ఆ రోజునుంచి అక్క నోట వదులు అన్న మాట ఒక్కసారైనా రాలేదు. తను ఎందుకు అనదో తనకి తెలుసు, తప్పు తనది. అక్క ఎందుకు తప్పించుకు తిరుగుతోంది? తన మీద జాలా? జాలైతే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారదా, ఇంట్లో ఊరికే దొర్లే మాట అది, ఇన్నాళ్ళు దానికి కాపలా కాయాలంటే జాలి చాలదు, భయం ఉండాలి. అక్కకి దేనికి భయం? నేను బాధపడతానని అయ్యుంటుంది, అనుకుంది, ఇంకేముంటుంది, ఆ ఆలోచనని అక్కడితో తుంచేసి, తాడుకి ముడి బిగించి, క్లచ్చు చేతిలోకి తీసుకుంది. పిడి అంచుల మీద బొటనవేలు రాసి చూసింది, కుట్టు సరిగ్గా మడిచారా లేదా అని చూసినట్టు. నున్నగా ఉంది, ఎక్కడా గీరుకోదు, ఎడం చేతికి కూడా సులువు.

దుకాణం పెద్దాయన తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు, వినపడేలాగే పెట్టాడు. "నన్నడిగితే క్లచ్చు తీసుకోండమ్మా. ఇంకొకళ్ళని పిలవక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు, మన పని మనం చేసుకోవచ్చు."

ఎవరికీ చెప్పక్కర్లేదు. అదే, ఆ ముక్క కోసమే ఇంతసేపూ నిలబడినట్టుంది. మాట అక్కర్లేని చోట మాట తప్పుగా వినడం ఉండదు. అక్క పిడి తనే ఎత్తుకుంటుంది, తెరచాప తనే దించుకుంటుంది, మధ్యలో ముడి వేసేవాళ్ళు ఎవరూ ఉండరు. తను రేవులో నిలబడి చూస్తుంది. రేవులో నిలబడి. పడవ చిన్నదైపోతూ, అందులో అక్క ఒక్కతే, ఒక చెయ్యి పనిచేస్తూ ఒక చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గాలి తిరిగిందో లేదో ఇక్కడినుంచి తెలీదు, అరిచినా వినపడదు. అయినా అక్క నంబరు నొక్కింది, ఇంకో క్షణం ఆగితే ధైర్యం ఉండదని.

"అక్కా, క్లచ్చు తీసుకుంటున్నాను. వెనక బిగించమను. ఎడం చేత్తో పిడి ఎత్తితే చాలు, ఎవరికీ చెప్పే పని లేదు."

అవతల రేవు గాలి, ఎవరో కొయ్య మీద సుత్తితో కొడుతున్న చప్పుడు. "ఎవరికీ అంటే?"

"నాకు."

"నువ్వు రావన్నమాట."

"వస్తే మళ్ళీ నువ్వొకటి చెప్తావు, నేనొకటి వింటాను. నీకు మిగిలింది ఒక్క భుజమే."

ఫోనులో అక్క "మీరు కాస్త అటు వెళ్ళండి" అని మేస్త్రితో అనడం వినిపించింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ముడీ, ఆ రోజు నువ్వు సరిగ్గానే విన్నావే" అంది.

"ఏంటి?"

"నేను వదిలెయ్యమనలేదు. వదులుగా ఉందనే అన్నాను. బిగించమనే. ఆ మబ్బు నేనసలు చూడనే లేదు, తెరచాప ముడతలే చూస్తున్నాను, ఇంకాస్త బిగిస్తే ఇంకాస్త ఉరుకుతుందని ఆశ. నేను చెప్పిందే నువ్వు చేశావు."

బస్తా పైన నెమ్మదిగా ఊగుతోంది. ఆమె దాన్నే చూస్తోంది. నేను చెప్పిందే నువ్వు చేశావు. ముందు ఒళ్ళంతా తేలికైపోయింది, బల్లకి ఆనుకుంది, నేను కాదు, నేను కాదు, అమ్మయ్య, నేను కాదు. ఆ వెనకే అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్ని రాత్రులు, ఎన్ని కుట్లు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టింది, రేవు వైపు వీధి తప్పించి ఎంత చుట్టు తిరిగి పనికి వెళ్ళింది, బావ మొహం చూడ్డానికి మొహం చెల్లక ఎన్నిసార్లు వంటింట్లో నిలబడే అన్నం తింది.

"ఆస్పత్రిలో నేను చెప్తుంటే విన్నావుగా."

"విన్నాను."

"కళ్ళు మూసుకున్నావు."

"మూసుకున్నాను. నొప్పి తగ్గాక చెబుదామనుకున్నాను. తగ్గేసరికి ఊరంతా అదే చెప్పుకుంటోంది, మీ బావ డిపోలో కూడా చెప్పేశాడు. బస్సు నడిపేదానికి మబ్బు కనపడలేదా అంటారని... సిగ్గేసిందే."

"నీ తల దువ్వుతున్నప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

"ప్రతి ఆదివారం అనిపించేది. చెప్తే దువ్వడం మానేస్తావేమో అనుకున్నాను."

దువ్వడం మానేస్తుందట. తప్పు చేసింది కాబట్టి దువ్వుతోందనుకుంది అక్క. తను కూడా అంతే అనుకుంది, నిజానికి, నిన్నటిదాకా అంతే అనుకుంది. మరి ఇప్పుడు? ఇప్పుడు తప్పు లేదు కదా, ఈ ఆదివారం దువ్వెన పక్కన పడేసి చక్కా పోవచ్చు. పోతుందా? ఆ పుట్టుమచ్చ, తడి జుట్టు వాసన, మానేస్తే ఇద్దరూ చాడీలు ఇంకెవరితో చెప్పుకుంటారు. కోపం ఎక్కడికీ పోలేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి, పెద్దాయన మర్యాదకి అటు తిరిగి అల్మారాలో కొక్కేలు సర్దడం మొదలుపెట్టాడు.

"ముడి వేసింది మాత్రం నేనే" అంది చివరికి. "ముడి వెయ్యమని నువ్వనలేదు. అది లేకపోతే విప్పి దించేదాన్ని."

"అది నీ పుట్టుకే అంత, దానికి నేనేం చెయ్యను."

"నవ్వకు. ఇంటికొచ్చాక నీ సంగతి చెప్తాను. ఇన్నాళ్ళదీ కలిపి చెప్తాను."

"చెప్పు. పడతాను."

ఆమె కళ్ళు మోచేత్తో తుడుచుకుంది. నమూనా క్లీటు మీద ఇందాక తన వేళ్ళు వేసిన ముడి అలాగే ఉంది, గోరు పెట్టి దాన్ని ఊడదీసింది. చుట్లు ఒకటొకటే విప్పింది, ఒక కొమ్ము మీదుగా సగం చుట్టు మాత్రం ఉంచి, తాడు గుప్పిట్లో పట్టుకుంది. బస్తా బరువు చేతిలోకి వచ్చింది. "పడవలో ఇంక ఆ మాట వద్దు. బిగించాలంటే బిగించు అను. దించాలంటే జార్చు అను. ఇంకేమన్నా నేను వినను."

"జార్చా? ఎవరైనా వింటే నవ్విపోతారే."

"నవ్వనీ. ఒకసారి అను. ఎలా వినపడుతుందో చూడాలి."

అవతల అక్క గొంతు సవరించుకుంది. సుత్తి చప్పుడు ఆగింది. "జార్చు."

ఆమె ఆలోచించలేదు. వేళ్ళు తెరుచుకున్నాయి, తాడు కొమ్ము మీదుగా సర్రున పోయింది, ఇసక బస్తా ధబ్బుమని నేల మీద పడింది. దుమ్ము లేచింది. పెద్దాయన చేతిలో కొక్కేలు నాలుగు వైపులా దొర్లిపోయాయి, ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "ముందు చెప్పి వదలాలి కదమ్మా" అన్నాడు.

"చెప్పాకే వదిలానండీ" అంది ఆమె. క్లచ్చుని ఆయన వైపు జరిపింది. "కొమ్ములదే ఇవ్వండి."